డ్యాష్‌బోర్డు లైట్లు కంపెనీల నాటకమా?

కారు డ్యాష్‌బోర్డు మీద ఉన్నట్టుండి లైటు వెలిగితే కంగారు పడవద్దని చెప్పే సందేశం ఒకటి ఫోన్లలో తెగ తిరుగుతోంది. కంగారు వద్దనడం వరకు బాగానే ఉంది. పేచీ అంతా ఆ తర్వాతి నాలుగు మాటలతోనే. ఈ లైట్లు మనల్ని సర్వీసుకు రప్పించడానికి కంపెనీలు ఆడే నాటకమట. బండి మామూలుగా నడుస్తుంటే పట్టించుకోనక్కరలేదట. ఆయిల్ లైటు వెలిగితే వీలు చూసుకుని ఆయిల్ పోయించుకుంటే చాలట. అన్నిటికీ ఒకటే మందు, బ్యాటరీ వైరు పది నిమిషాలు ఊడదీసి మళ్లీ బిగించడమట.

ముందు ఆయిల్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంజిన్ ప్రాణం తీసే సలహా అదే. ఎర్రగా వెలిగే ఆయిల్ డబ్బా బొమ్మ సాధారణంగా చెప్పేది ఆయిల్ ఎంత ఉందని కాదు, దాని ప్రెషర్ పడిపోయిందని. క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు), దాన్ని మోసే బేరింగులు ఒకదానికొకటి తగలకుండా తిరిగేది పంపు నెట్టే ఆ పలుచటి ఆయిల్ పొర మీదే. అది లేకపోతే లోహం లోహాన్ని ఒరుసుకుని కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పట్టేయవచ్చు. పంపు పాడైనా, జల్లెడ మూసుకుపోయినా ఆయిల్ నిండుగా ఉండగానే ఈ లైటు వెలుగుతుంది. కాబట్టి ‘వీలు చూసుకోవడం’ అనేది ఇక్కడ కుదరదు. బండిని పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) చూడాలి. ఆయిల్ తగ్గి ఉంటే పోసి స్టార్టు చేసి చూడవచ్చు; లైటు ఆరకపోయినా, మొదటినుంచీ ఆయిల్ సరిపడా ఉన్నా, బండిని మరో బండితో లాగించుకుపోవడమే. కొన్ని కార్లలో ఆయిల్ మట్టం తగ్గిందని చెప్పే పసుపు లైటు వేరేగా ఉంటుంది. సందేశం రాసినవారు రెంటినీ కలిపేసినట్టున్నారు.

కంపెనీల నాటకం అన్న మాటలో రవ్వంత నిజం లేకపోలేదు. సర్వీసు గడువు గుర్తుచేసే సూచన చాలా కార్లలో కిలోమీటర్లూ రోజులూ లెక్కపెట్టుకుని వెలుగుతుంది, అంతే. అది కనిపిస్తే ఏదో చెడిందని అర్థం కాదు. ఇంజిన్ బొమ్మ లైటు పుట్టుక మాత్రం వేరు. దాని వెనక ఉన్నది కాలుష్య నియంత్రణ చట్టం. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 అనే, కారు తనను తానే పరీక్షించుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది. పొగ హద్దు మీరే లోపం వస్తే కారే కనిపెట్టి లైటు వెలిగించాలి, ఆ లోపాన్ని సూచించే కోడ్‌ను నమోదు చేసి ఉంచుకోవాలి. ఆ కోడ్ చదివే స్కానర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. నాటకమాడేవాడు తెర తీసే తాడు ప్రేక్షకుడి చేతికిస్తాడా?

బండి నడుస్తోంది కదా అనే వాదానికి జవాబు లైటు రంగులోనే ఉంది. ఎరుపైతే ఆగాలి, పసుపైతే జాగ్రత్తగా వెళ్లి త్వరగా చూపించుకోవాలి. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే, పెట్రోలు కారులో ట్యాంకు మూత సరిగా బిగించకపోవడమే కారణం కావచ్చు. బిగిస్తే కొన్ని ప్రయాణాల తర్వాత దానంతటదే ఆరిపోతుంది. అదే లైటు మినుకుమినుకుమంటే పసుపైనా ఉపేక్షించరాదు. సిలిండర్‌లో మండని పెట్రోలు పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. ఆ వేడికి దాని లోపలి భాగం కరిగిపోవచ్చు. ఇక బ్యాటరీ బొమ్మ వెలిగితే చార్జింగ్ అందడం లేదని, అంటే బ్యాటరీకి కరెంటు అందించే ఆల్టర్నేటర్‌నో దాని బెల్టునో అనుమానించాలి. చాలా కార్లలో నీటి పంపును తిప్పేదీ ఆ బెల్టే కనుక ఇంజిన్ వేడి మీద ఓ కన్నేయాలి.

బ్యాటరీ వైరు ఊడదీస్తే లైటు ఆరే మాట నిజమే. దాంతోపాటు చాలా కార్లలో కోడ్ చెరిగిపోతుంది; లోపం వచ్చిన క్షణాన వేగం, ఇంజిన్ వేడి ఎంతో నమోదైన వివరాలూ పోతాయి. మెకానిక్ చేతికి ఖాళీ పలక మిగులుతుంది. లోపం అక్కడే ఉంటుంది కాబట్టి, కారు తన పరీక్షలు మళ్లీ చేసుకోగానే లైటు తిరిగొస్తుంది. ఈ చిట్కాతో నిజంగా లాభపడేది పాత కారు అమ్మేవారే. కొనేవారు స్కానర్ పెట్టించి ఆ పరీక్షలు పూర్తయ్యాయో లేదో అడగాలి. చాలావరకు అసంపూర్తిగా ఉంటే, కోడ్‌లు ఈమధ్యే తుడిచారేమోనని అనుమానించవచ్చు.