బలం మాత్రలు ఇచ్చేటప్పుడు అడగని ప్రశ్న

ఈ మధ్య ఒక సాయంత్రం విశాఖపట్నం కేజీహెచ్ ఆసుపత్రి ఎదుట మందుల దుకాణంలో నా ముందు నిలబడిన పెద్దాయన ఒకరు, చీటీలో రాసిన మందులన్నీ తీసుకున్నాక, “బలానికేదైనా మంచి మాత్ర ఉంటే ఇవ్వు బాబూ” అని అడిగారు. కుర్రవాడు అరలోంచి ఎర్రటి క్యాప్సూళ్ల స్ట్రిప్పు తీసి, “రోజుకొకటి వేసుకోండి మాస్టారూ, యాంటీ ఆక్సిడెంటు, సైడ్ ఎఫెక్టులేం ఉండవు” అన్నాడు. పెద్దాయన దాన్ని చొక్కా జేబులో, సిగరెట్ పెట్టె పక్కనే పెట్టుకున్నారు. నేనూ అదే స్ట్రిప్పు అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే, చీమ తలకాయలంత అక్షరాల్లో బీటా కెరోటిన్, ఇ విటమిన్, సెలీనియం, జింక్ పేర్లు ఉన్నాయి.

పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్ర మేలు చేయకపోగా కీడు చేస్తుందని తేలి ముప్పై ఏళ్లు దాటింది. ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ వాడినవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందని ఆశిస్తే, 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో 18,314 మందితో, బీటా కెరోటిన్‌కు ఎ విటమిన్ జోడించి మొదలుపెట్టిన మరో పరిశోధననైతే, ఆ కేన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరిగాయని గమనించి 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేయవలసి వచ్చింది. అందులో పొగతాగేవారితో పాటు ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చిన కార్మికులు, వారిలో ఓడల నిర్మాణ కేంద్రాల్లో పనిచేసినవారు కూడా ఉన్నారు. ఓడరేవు, షిప్‌యార్డు ఉన్న మన ఊళ్లో ఈ వివరాన్ని పరాయి దేశపు సంగతిగా తీసి పక్కన పెట్టడానికి వీల్లేదు.

క్యారెట్‌లోనూ గుమ్మడికాయలోనూ ఉన్న పదార్థమే మాత్రలోకి వచ్చేసరికి ఎందుకు ఎదురు తిరుగుతుంది? ఆహారంలో అది కొద్ది మోతాదులో, పీచుతోనూ ఇతర పోషకాలతోనూ కలిసి అందుతుంది. పెద్ద మోతాదులో ఒంటరిగా చేరినప్పుడు, ఆక్సిజన్ అధికంగా ఉండే ఊపిరితిత్తుల్లో సిగరెట్ పొగ తాకిడికి అది ముక్కలై, కణాలకు హాని చేసే పదార్థాలుగా మారుతుందని శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. పైగా యాంటీ ఆక్సిడెంట్లు అణచివేసే ఫ్రీ రాడికల్స్ (శరీరంలో పుట్టే, కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులు) అన్నవి కేవలం శత్రువులు కావు. సూక్ష్మక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాలు అవే. వ్యాయామం చేసినప్పుడు కండరాలు దృఢపడటానికి అందే సంకేతాల్లోనూ వాటికి పాత్ర ఉంది. 2009లో వెలువడిన ఒక చిన్న జర్మన్ అధ్యయనంలో, సి, ఇ విటమిన్ మాత్రలు వేసుకుంటూ వ్యాయామం చేసినవారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. మాత్రలు లేకుండా చేసినవారిలో మెరుగుపడింది. ఆర్కే బీచ్‌లో తెల్లవారకముందే గంటసేపు నడిచి, ఇంటికెళ్లి ఈ మాత్రలు మింగేవారు ఆలోచించవలసిన విషయమిది.

ఇ విటమిన్ కథ కూడా ఇలాంటిదే. 35 వేల మందికి పైగా పురుషులపై అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లో చేసిన పరిశోధనలో, రోజుకు 400 యూనిట్లు వాడినవారిలో ప్రొస్టేట్ కేన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేల్చారు. గుండె కవాటం మార్చుకుని, రక్తం పలచబరిచే వార్ఫరిన్ మందు వాడుతున్నవారికి అధిక మోతాదు ఇ విటమిన్ వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కోవిడ్ రోజుల్లో పిప్పరమెంట్లలా చప్పరించిన 500 మిల్లీగ్రాముల సి విటమిన్ మాత్రల సంగతి చూస్తే, జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం పురుషుడికి రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములే. ఒక మోస్తరు జామకాయతో అది తీరిపోతుంది. మిగులులో కొంత, కిడ్నీలో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది కనుక రాళ్ల చరిత్ర ఉన్నవారికి, ముఖ్యంగా ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో ఈ ఊరికి వచ్చేవారికి, ఇది అమాయకమైన మాత్ర కాదు.

అన్నింటినీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. లోపం పరీక్షలో తేలినవారికి విటమిన్ ఇవ్వవలసిందే. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత (కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు) మధ్యస్థ దశకు చేరినవారిలో కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు, జింక్ కలిపిన మిశ్రమం జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది. కాకపోతే అక్కడ కూడా పాత మిశ్రమంలోని బీటా కెరోటిన్‌ను తీసి ల్యూటిన్, జియాజాంథిన్ అనే మరో రెండు కెరోటినాయిడ్ పదార్థాలు పెట్టడమే మంచిదని 2013 నాటి పరిశోధన చూపింది, కారణం మళ్లీ ఊపిరితిత్తుల కేన్సరే; ఒకప్పుడు పొగతాగి మానేసినవారిలోనూ ఆ ముప్పు కనిపించింది.

కాబట్టి నా అభ్యంతరం మాత్ర మీద కన్నా అది చేతులు మారే తీరు మీద. చీటీ చివర అలవాటుగా బలం మాత్ర రాసే వైద్యుడు గానీ, అడగగానే అందించే దుకాణదారు గానీ పొగ, రక్తం పలచబరిచే మందులు, కిడ్నీ రాళ్లు అనే మూడు విషయాలు విచారించడానికి అర నిమిషం చాలు. ఆహార లైసెన్సు కింద అమ్మే సప్లిమెంట్లపై ‘నాట్ ఫర్ మెడిసినల్ యూస్’ అని ముద్రించాలన్న నిబంధన ఉన్నా, లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే సరిపోతుంది. ప్రాంతీయ భాష కంపెనీ ఇష్టం. ఆ సాయంత్రం నేను తెచ్చుకున్న స్ట్రిప్పు మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు, పొగతాగేవారి గురించి ఏ భాషలోనూ ఒక్క మాట లేదు.