మానసిక వార్డు పోస్టింగు సూత్రాలు: ఒక ఖండన

నర్సింగు విద్యార్థినుల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. కాకినాడకో విశాఖపట్నానికో సైకియాట్రీ పోస్టింగుకు బయలుదేరే ముందు అమలాపురం, రాజోలు, భీమవరం వైపు పిల్లలు దానిని ఒకరికొకరు పంపుకుంటారు. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: రోగి దగ్గర చావు ప్రస్తావన తేవద్దు, తెస్తే లేని ఆలోచన పుడుతుంది, పైకి అనేవాళ్ళు ఎలాగూ చేసుకోరు, రోగి ఏం చెప్పినా ఔనని తలూపితే గొడవ ఉండదు, ఇచ్చేవన్నీ నిద్రమాత్రలే, అలవాటైపోతాయి గనుక నెమ్మదించగానే మానేయమనండి, ఎదురుతిరిగితే కట్టేయడమే క్షేమం, గదిలోకి ఒంటరిగా వెళ్ళవద్దు. ఒంటరిగా గదిలోకి వెళ్ళవద్దన్న చివరి మాట సరైనదే, దాని జోలికి నేను పోను. మిగిలిన నాలుగూ మంచం దగ్గర కూర్చుని మాట్లాడవలసిన పనిని తప్పించుకునే ఉపాయాలు. వాటికి రోగి క్షేమమని పేరు పెట్టారు.

మొదటిది అన్నిటికన్నా ప్రమాదకరం. అడిగినంత మాత్రాన ఆత్మహత్య ఆలోచన పుట్టదనీ, ప్రమాదం పెరగదనీ పరిశోధనలు చూపుతున్నాయి. పైకి అనేవాళ్ళు చేయరన్నది కూడా అబద్ధమే. ప్రాణం తీసుకున్నవారిలో అనేకులు అంతకుముందు ఎవరితోనో ఏదో ఒక రూపంలో, ‘ఇక నాతో మీకు పనుండదులే’ అన్నంత మామూలుగానైనా, చెప్పినవారే. మన డెల్టాలో ఈ ప్రశ్న మరీ అవసరం, ఎందుకంటే వరి పండించే ఇంట్లో పురుగుమందు సీసా పశువుల పాకలోనో ధాన్యం గదిలోనో చేతికందేలా ఉంటుంది. ‘పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?’ అని అడిగితే లేవనే అంటారు, ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అమ్మా? ఎలా అనుకున్నారు? అది ఇంట్లో ఉందా?’ అని వరుసగా, తొందరపెట్టకుండా అడగాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. రోగిని ఒంటరిగా వదలకుండా డాక్టరుకు కబురు చేయాలి, సీసాను ఇల్లు దాటించమని ఇంటివారికి చెప్పాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో నోరు విప్పని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి తప్ప శిక్షించకూడదు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారన్న సంగతి కూడా వారికి చెప్పవచ్చు.

రెండో సలహా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎవరికీ వినపడని గొంతు వినపడుతోందని రోగి అన్నప్పుడు ఔనంటే భ్రమ బలపడుతుంది, కాదని వాదిస్తే రోగి దూరమవుతాడు. ‘ఆ గొంతు నాకు వినపడటం లేదండీ, మీకు వినపడుతోందనీ భయం వేస్తోందనీ తెలుస్తోంది’ అన్న మాటలో అబద్ధమూ లేదు, వాదనా లేదు. ఆ గొంతు ఏమి చేయమంటోందో మాత్రం అడిగి తీరాలి.

మాత్రల మాటలో కొంత నిజం ఉండటమే చిక్కు. డయాజిపామ్, లోరాజిపామ్ వంటి ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే మాత్రలు నిజంగానే అలవాటవుతాయి, అయితే వాటిని కూడా ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు. భ్రమలకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, మనోస్థితి ఎగుడుదిగుళ్ళకు ఇచ్చే లిథియం ఆ కోవలోవి కావు. కుంగుబాటు మాత్రల గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, కాబట్టి పది రోజులకే పనిచేయలేదని మానిపించడం విత్తు మొలవలేదని మడి దున్నేయడం వంటిది. మాత్రల మీద భయం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. ఒక లంక గ్రామపు కుర్రవాడికి హాలోపెరిడాల్ ఇంజక్షన్ ఇచ్చిన సాయంత్రం మెడ ఒక పక్కకు మెలిదిరిగి, కళ్ళు పైకి తేలిపోయి, నాలుక మందమైపోయింది. ‘సిస్టరమ్మా, వీడికి గాలి సోకింది’ అంటూ తల్లి దిష్టి తీయడానికి ఉప్పు కోసం పరుగెత్తింది. అది డిస్టోనియా అనే, కండరాలు బిగుసుకుని మెలిదిరిగే మందు దుష్ప్రభావం. డాక్టరు రాసిన ప్రోమెథజిన్ కండరానికి ఇచ్చాక అరగంటలో మెడ నిటారుగా నిలబడింది. ఇది రావచ్చని ముందే చెప్పి ఉంటే ఆ తల్లి అంత బెదిరేది కాదు, ఆ తప్పు మాదే.

లిథియం సంగతి మన ఎండలకు ముడిపడినది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో చేలో చెమటోడ్చినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గి రక్తంలో లిథియం పెరుగుతుంది. బి.పి. వస్తుందని ఎవరో చెప్పగా ఉప్పు హఠాత్తుగా మానేసినా, మోకాళ్ళ నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకున్నా అంతే. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం చూసి తాగివచ్చాడనుకోకుండా తర్వాతి డోసు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇక కట్టేయడం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక మానసిక రోగుల వసతిగృహంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. ఇతర నిర్బంధాన్ని కూడా అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, బాధ్యత వహించే సైకియాట్రిస్టు అనుమతితోనే, అవసరమైనంతసేపే అనుమతించింది. శిక్షగా కట్టకూడదు, సిబ్బంది చాలరన్న సాకుతోనూ కట్టకూడదు. కట్టిన తరువాత తరచుగా వేళ్ళ రంగు, నాడి చూడాలి, నీళ్ళు తాగించాలి, మూత్రానికి తీసుకెళ్ళాలి. ఈ పని కట్టడం కన్నా పెద్దది.

ఒకసారి సంక్రాంతి వెళ్ళాక, బండి మీద నుంచి పడి కాలు విరిగిన నడివయసు మనిషి ఎముకల వార్డులో చేరాడు. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని అరుస్తూ, చెమటలు కారుతూ, సెలైన్ పీక్కున్నాడు. మెంటల్ కేసని అతని చేతులను మంచానికి కట్టేశారు. మద్యం ఆగిన 48 నుంచి 72 గంటల మధ్య వచ్చే ఆ స్థితి ప్రాణాంతకం; దానికి కావలసింది తాడు కాదు, డాక్టరు రాసే లోరాజిపామ్, గ్లూకోజు ఎక్కించడానికి ముందే థయమిన్ (బి1 విటమిన్). తెల్లవారాక చూస్తే, చేరిన రోజు కేస్ షీటులో మద్యం అలవాటు అన్న చోట ఏమీ రాసి లేదు. ఎందుకని అడిగితే, బాగుండదని అడగలేదండీ అంది అడ్మిషన్ రాసుకున్న అమ్మాయి.