వరస లేని చోట పరాచికం

మా నెల్లూరు వైపు పెళ్లిళ్లలో పెళ్లికొడుకు చెప్పులు మరదళ్లు దాచేస్తారు. అత్తగారింటికి వచ్చిన కొత్త అల్లుడి కాఫీలో చక్కెర బదులు ఉప్పు పడుతుంది. ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే అక్కడ వరస ఉంది. బావ, బావమరిది, వదిన, మరదలు... ఎవరు ఎవరిని ఆటపట్టించవచ్చో అందరికీ ముందే తెలుసు. ఇవాళ ఉప్పు కాఫీ తాగినవాడు రేపు వడ్డీతో సహా తీర్చుకుంటాడు. అదే అల్లుడు మామగారి కాఫీలో ఉప్పు కలిపితే ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆఫీసులో కంప్యూటర్ల మీద ఆడే ఆటలను నేను ఈ కొలతతోనే చూస్తాను. ఒంగోలు గ్రానైట్ ఆఫీసులో అయినా, డాలస్‌లో మన పిల్లలు పనిచేసే చోటైనా సంగతి ఒకటే. బల్ల మీది వస్తువుతో, తిరిగి మనల్ని ఆటపట్టించగలిగే మనిషితో ఆడితే ఆడొచ్చు. ఇంకొకరి లాగిన్‌లోకి పోయి చేసేది మాత్రం ఎంత చిన్నదైనా వద్దనే చెబుతాను.

ముందు ఆడదగినది ఒకటి. ఆప్టికల్ మౌస్ అడుగున చిన్న సెన్సర్ ఉంటుంది. కింది ఉపరితలాన్ని అది సెకనుకు వెయ్యికి పైగా సార్లు ఫొటో తీసి, ఫొటోకీ ఫొటోకీ మధ్య తేడాను బట్టి కర్సర్‌ను కదుపుతుంది. సెన్సర్ రంధ్రం మీద కాగితం ముక్క అంటిస్తే కర్సర్ నిలబడిపోతుంది. సెలోఫేన్ టేపు వాడకూడదు, దాని జిగురు లెన్సుకు పడితే తర్వాత కర్సర్ వణకవచ్చు. పసుపు రంగు స్టిక్కీ కాగితంలో అరంగుళం ముక్క చాలు. అంటించినవాళ్లు అక్కడే ఉండాలి, రెండు నిమిషాల్లో బయటపెట్టాలి. లేకపోతే ఆ మనిషి మౌస్ చెడిపోయిందనుకుని కొత్తది కొనుక్కురావడానికి ట్రంకు రోడ్డుకు బయలుదేరుతాడు.

దీని పక్కనే నిలబడేట్టు కనిపించే ఇంకో ఆట ఉంది, దాని సంగతి వేరు. స్క్రీన్‌ను ఫొటో తీసి వాల్‌పేపర్‌గా పెడతారు. రైట్ క్లిక్ చేసి, వ్యూలో 'షో డెస్క్‌టాప్ ఐకాన్స్' ముందున్న టిక్ తీసేస్తారు. అసలు ఐకాన్లు దాక్కుంటాయి, బొమ్మలోని ఐకాన్లను ఎన్నిసార్లు నొక్కినా పలకవు. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, టిక్ మళ్లీ పెడితే అన్నీ తిరిగొస్తాయి. అందుకే దీన్ని హాని లేని ఆట అంటారు.

ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో చూడండి. ముత్తుకూరు వైపు ఒక రొయ్యల మేత దుకాణం అనుకుందాం. లెక్కలు రాసే అమ్మాయి టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మూడు నెలలు నేర్చుకుని కొత్తగా చేరింది. టీకి పోతూ టాలీని తెరిచే ఉంచింది. ఆటపట్టించదలచినవాడు దాన్ని కిందికి దించేసి, టాస్క్‌బార్ కూడా దాచేసి, బొమ్మ పెట్టి పోయాడు. ఆమె వచ్చి నొక్కింది, పలకలేదు. మళ్లీ నొక్కింది. "ఏందన్నా ఇది, నేనేమీ నొక్కలా" అని చుట్టూ చూసింది. ఇట్లాంటప్పుడు చేయాల్సిందని ఆమెకు తెలిసింది ఒక్కటే. పవర్ బటన్ మీద వేలు పెట్టి ఐదారు సెకన్లు అదిమిపట్టింది.

అట్లా ఆపితే విండోస్‌కు దేన్నీ సర్దుకునే వ్యవధి ఉండదు. ఆ క్షణంలో టాలీ ఫైలులోకి ఏదైనా రాస్తూ ఉంటే అది సగంలో తెగిపోవచ్చు. మళ్లీ కంపెనీ తెరవబోతే డేటా లోపం అని వస్తుంది. అప్పుడు ముందుగా డేటా ఫోల్డర్‌ను అట్లాగే ఇంకో చోటికి కాపీ చేసుకోవాలి, ఆ తర్వాతే రిపేర్‌కు పోవాలి. టాలీ పాత వెర్షన్ ఈఆర్‌పీ 9లో కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే డేటా రీరైట్ అవుతుంది. కొత్త వెర్షన్ టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కితే వచ్చే డేటా మెనూలో రిపేర్ ఉంటుంది. అది కూడా పలకకపోతే పాత బ్యాకప్ తెచ్చుకుని, అప్పటినుంచి వోచర్లన్నీ మళ్లీ కొట్టుకోవాలి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, 3బీకి 20వ తేదీ గడువు. ఆ ముందు రోజుల్లో ఇది జరిగితే రాత్రి పదింటిదాకా కూర్చునేది ఆ అమ్మాయే, యజమాని చేత మాట పడేదీ ఆమే. తప్పు తనదేననుకుని ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి బటన్ ముందూ భయపడుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మేనేజర్ కంప్యూటర్‌కు ఎవరూ బొమ్మ పెట్టరు. ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లకే, ఎదురు చెప్పలేనివాళ్లకే పెడతారు.

మన వైపు చిన్న ఆఫీసుల్లో ఒక కంప్యూటర్‌కు ఒకే లాగిన్, వాడేవాళ్లు ముగ్గురు. ఒకరిని ఉద్దేశించి చేసింది ఇంకొకరికి తగులుతుంది. ఆటోకరెక్ట్ ఆటలో జరిగేది ఇదే. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్ అని పోయి, ఒక మాట కొడితే ఇంకో మాట పడేట్టు పెడతారు. ఆ జాబితా వర్డ్‌కూ ఎక్సెల్‌కూ ఉమ్మడిది. మాట కొట్టి స్పేస్ నొక్కగానే మారిపోతుంది, కళ్లు కీబోర్డు మీద ఉన్నవాళ్లకు కనబడదు. పెట్టినవాడు మరిచిపోతాడు, ఉద్యోగం మారిపోతాడు, అది మాత్రం ఆ లాగిన్‌లో ఉండిపోతుంది.

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసు ఒకటి ఊహించుకోండి. అక్కడి నల్లరాయి పేరు 'గెలాక్సీ' అని కొడితే ఒక స్నేహితుడి ముద్దుపేరు పడేట్టు ఎవరో పెట్టారు. నెల తర్వాత ఇంకొకరు ఇన్వాయిస్ తయారు చేశారు. విదేశీ కొనుగోలుదారు ఎల్‌సీ (సరైన కాగితాలు చూపితే డబ్బు ఇస్తానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరిచి ఉంటే బ్యాంకు చూసేది కాగితాలనే, రాయిని కాదు. 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ ఎల్‌సీ నియమాల ప్రకారం ఇన్వాయిస్‌లోని సరుకు వివరణ ఎల్‌సీలోని వివరణతో సరిపోవాలి. కాగితాలు పరిశీలించడానికి బ్యాంకుకు ఐదు పనిదినాల గడువు ఉంది. తేడా కనబడితే డబ్బు ఇవ్వనని చెప్పవచ్చు. అప్పటికి బ్లాకులు ఓడ ఎక్కేసి ఉంటాయి, ధర తగ్గించమని బేరం మొదలుపెట్టడానికి కొనుగోలుదారుకు ఒక సాకు దొరుకుతుంది. ఎక్కడో ఒక తుంటరి మాట, దాని బాకీ మాత్రం ఇంకెవరి పద్దులోనో పడుతుంది.

ఇక లాక్ చేయకుండా లేచిపోయినవాళ్ల కంప్యూటర్ నుంచి సందేశం పంపడం. అమెరికా ఆఫీసుల్లో 'రేపు అందరికీ డోనట్లు నా ఖర్చు' అని పంపుతారు, నెల్లూరులో అయితే మలై కాజా అంటారు. భద్రత నేర్పడానికే ఇది అని సమర్థించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ సందేశం ఇంకొకరి పేరుతో రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత ఎప్పుడైనా అసలు సిసలు గొడవ వచ్చి 'అది పంపింది నేను కాదు' అని చెప్పుకోవాల్సి వస్తే, ఆ మాటకు విలువ పోగొట్టింది ఈ సరదాయే. నిజంగా నేర్పాలనుకుంటే విండోస్, ఎల్ నొక్కి లాక్ చేసి, కీబోర్డు మీద చీటీ పెట్టి రండి. మ్యాక్‌లో కంట్రోల్, కమాండ్, క్యూ. మరిచిపోయే అలవాటున్నవాళ్లకు విండోస్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌లో డైనమిక్ లాక్ ఉంది. బ్లూటూత్‌తో ఫోన్ జతచేస్తే, ఫోన్ దూరమైన కాసేపటికి అదే లాక్ పడుతుంది.

'వాడు నా స్నేహితుడే, నవ్వేశాడు కూడా' అంటారు. కంప్యూటర్ వాడిది కాదు గదా. మన దేశంలో ఐటీ చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుడి అనుమతి గురించి మాట్లాడుతుంది. అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి పోయినా, పనికి అంతరాయం కలిగించినా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని దురుద్దేశంతో గానీ మోసంతో గానీ చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సరదా అక్కడిదాకా పోదని నేనూ అనుకుంటాను. కానీ అనుమతి ఇవ్వాల్సింది పక్క కుర్చీలో మనిషి కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకా గట్టిగా చెబుతాను. కంపెనీ తీసేస్తే ఇంకో దారి చూసుకోవడానికి మీకు మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, పిల్లల బడి, కారు అప్పు అన్నీ ఆ 60 రోజుల్లో తేలాలి. ఒక నకిలీ మెయిల్ కోసం పెట్టే పందెం కాదది.

చివరగా, నెల్లూరు, ఒంగోలులో కూర్చున్న సహోద్యోగులతో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ (దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్‌ను నడిపే యాప్‌లు) మీద అమెరికా నుంచి పనిచేసేవాళ్లకు ఒక విన్నపం. అవతలి మనిషికి చెప్పకుండా ఇక్కడినుంచి కర్సర్ కదిపి ఆటపట్టించవద్దు. తెలియని వాళ్లు చెబితే అలాంటి యాప్‌లు వేసుకోవద్దని అక్కడ బ్యాంకులు హెచ్చరిస్తూనే ఉన్నాయి. కర్సర్ తనంతట తాను కదిలితే దొంగ పడ్డాడనే వాళ్లు అనుకుంటారు, అనుకోవాలి కూడా. ప్లగ్ పీకేస్తారు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. అది మీ ఆట అని తెలిశాక, ఈసారి నిజంగానే దొంగ వచ్చినప్పుడు 'మళ్లీ మా అన్నే ఆడుతున్నాడులే' అని ఊరుకుంటారు. సెషన్ మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి "అమ్మా, ఇప్పుడు నేను లోపలికి వస్తున్నా, కర్సర్ కదిలితే నేనే" అని చెప్పండి, పని అయ్యాక "బయటికి వచ్చేశా, ఇంక కదిలితే నేను కాదు" అని కూడా చెప్పండి.