చేప తినడం తప్పు కాదు, దాన్ని శాకాహారమనడమే తప్పు

పెళ్లి విందుల్లోనూ, ఆఫీసు భోజనాల దగ్గరా ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది: "నేను శాకాహారినే, చేపలు మాత్రం తింటాను." చెప్పేవారిలో చాలామంది నిజాయితీగానే చెబుతారు. కోడి, మేక మానేసి, గుండెకు మంచిదని డాక్టరు చెప్పినందుకు చేపను ఉంచుకున్నవారు కొందరు. విదేశాల్లో చదువుకుంటూ అక్కడి స్నేహితుల నోట విని అలవాటు చేసుకున్నవారు మరికొందరు. వారు తినేదానితో నాకు ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆ మాటతోనే. చేప తినేవారు శాకాహారులు కారు. తినేవారిని తక్కువ చేయాలని ఇంత గట్టిగా చెప్పడం లేదు. ఆ మాటను నమ్మి విస్తరి ముందు కూర్చునేవారు మరొకరు ఉన్నారు, వారి కోసం చెబుతున్నాను.

మన చట్టంలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. ఆహార పొట్లాల మీద ఆకుపచ్చ చుక్కను తప్పనిసరి చేసిన నిబంధనలు జంతువులు, పక్షులు, మంచినీటి జీవులు, సముద్ర జీవులు, గుడ్లు అన్నింటినీ మాంసాహారం కిందే లెక్కగట్టాయి. ఆ నిబంధనల్లో మినహాయింపు పాలకు, పాల పదార్థాలకు మాత్రమే ఉండేది. 2011 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లోనూ ఇదే నిర్వచనం. అయితే చట్టంతో వాదన ముగిసిపోదు. ఎవరైనా వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: మరి బెంగాలీ బ్రాహ్మణులు చేప తింటారు కదా? కొంకణ తీరంలో సారస్వతులు, మిథిలలో మైథిలులు తినడం లేదా?

తింటారు. వందల ఏళ్లుగా తింటున్నారు. దానికి శాస్త్ర చర్చ కూడా జరిగింది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఒక శ్లోకం, చేప తిన్నవాడు అన్ని మాంసాలూ తిన్నవాడే కనుక చేపను వదిలేయమంటుంది. ఆ వెంటనే వచ్చే శ్లోకం దేవ పితృ కార్యాల్లో సమర్పించిన పాఠీనం, రోహితం వంటి కొన్ని చేపలను తినవచ్చంటుంది. రోహితమంటే మన శీలావతే అని పండితులు గుర్తిస్తారు. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు బెంగాల్‌లో భవదేవ భట్టు అనే స్మృతికర్త, పాత గ్రంథాల నిషేధాలన్నీ చతుర్దశి వంటి కొన్ని తిథులకే వర్తిస్తాయని వ్యాఖ్యానించి బ్రాహ్మణుల చేపల భోజనాన్ని సమర్థించాడు. ఇక్కడ గమనించాల్సింది ఆయన ఏం నిరూపించబోయాడన్నది. బ్రాహ్మణుడు చేప తినవచ్చునని వాదించాడే గాని, చేప మాంసం కాదని అనలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఆ తేడా బెంగాలీ ఇళ్లలో ఎంత కఠినంగా అమలైందో వితంతువుల జీవితాలే చెబుతాయి. అగ్రవర్ణ కుటుంబంలో భర్త పోయిన స్త్రీకి ఆ రోజు నుంచీ చేప నిషేధం. ఇంట్లో మిగిలినవారికి చేపల పులుసు వండుతుంటే ఆమెకు విడిగా నిరామిషం, అంటే ఆమిషం (మాంసం, చేప) లేని వంట. పది పన్నెండేళ్ల బాలవితంతువుకూ ఇదే నియమం. చేప శాకాహారమే అయితే ఆ పిల్ల విస్తరిలోంచి దాన్ని ఎందుకు తీసేసినట్టు? చేపను అంతగా ప్రేమించే సమాజమే దాన్ని ఆమిషం గీతకు అవతల ఉంచింది. ఆ గీతను వాడి ఆడవాళ్లను నిర్దయగా శిక్షించింది కూడా. బెంగాల్ ఉదాహరణ చేప శాకాహారమే అనేవారికి అక్కరకు రాదు.

కేథలిక్ సంప్రదాయానిదీ ఇదే దారి. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు మాంసం మానాలని చర్చి చెబుతుంది, చేపకు అడ్డు చెప్పదు. అయినా ఆ రోజు చేప తిన్నవారు తాము శాకాహారం తిన్నామనుకోరు.

మన దగ్గరికి వద్దాం. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ మాంసాహారులు 98 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. కొల్లేరు చుట్టూ చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం దాకా వెళతాయి. ఇంతగా చేపతో ముడిపడిన మనం కూడా కార్తిక మాసంలో నీచు మానేశామంటే చేప మానేశామనే అర్థం. కోడి ఒక్కటే మానేసి చేపల పులుసు పెట్టుకున్న ఇల్లు ఆ నెల పాటించినట్టు ఎవరూ అనుకోరు.

మృగశిర కార్తె రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం ఇచ్చే చేప మందునే చూడండి. వేలు పొడవుండే కొరమీను పిల్ల నోరు తెరిచి, పసుపు రంగు మందు ముద్దను లోపలికి కూరి, ఉబ్బసం ఉన్న మనిషి గొంతులోకి జారవిడుస్తారు. చేప ఇంకా ప్రాణంతో ఉంటుంది. తోక కదులుతుండగానే మింగేయాలి. పిల్లలైతే తల వెనక్కి వంచి పట్టుకోవాల్సి వస్తుంది. అక్కడికే శాకాహారులు కూడా వస్తారు. వారికి అదే మందును బెల్లంలో పెట్టి ఇస్తారు. ఆ మందు పని చేస్తుందా లేదా అన్నది వేరే చర్చ, వైద్యులకు దానిపై గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. నాకు ముఖ్యమైంది ఆ బెల్లం ముద్ద. ఊపిరాడక బాధపడుతూ, రాత్రంతా క్యూలో నిలబడి వచ్చిన శాకాహారికి కూడా చేపను మింగమని చెప్పకుండా మరో దారి చూపించారు.

ఈ చిక్కును అందరికన్నా నిజాయితీగా తేల్చుకున్నది గాంధీ అని నా అభిప్రాయం. 1888లో లండన్ బయలుదేరే ముందు తల్లి పుత్లీబాయి కోరిక మీద, బేచర్జీ స్వామి అనే జైన సాధువు ఎదుట మాంసం ముట్టనని ప్రమాణం చేశాడు. ఇంగ్లండులో మాంసానికి మూడు నిర్వచనాలు కనిపించాయని ఆత్మకథలో రాసుకున్నాడు. మొదటిదాని ప్రకారం పశుపక్ష్యాదుల మాంసమే మాంసం, చేపలూ గుడ్లూ తినవచ్చు. రెండోదాని ప్రకారం ప్రాణుల మాంసమంతా నిషిద్ధమే, గుడ్లకు మాత్రం అభ్యంతరం లేదు. మూడోది పాలను కూడా వదిలేయమంటుంది. మొదటి నిర్వచనం పట్టుకుంటే ఆ చలి దేశంలో ఆయన తిండి కష్టం చాలావరకు తీరేది. కొన్నాళ్లు గుడ్లు తిన్నాడు కూడా. చివరికి, ప్రమాణం చేయించుకున్న తల్లి ఏ అర్థంలో చేయించుకుందో తాను కట్టుబడాల్సింది ఆ అర్థానికేనని తేల్చుకున్నాడు. గుడ్లు మానేశాడు. శాకాహార భోజనశాలల్లో సైతం ఏ వంటకంలో గుడ్డు ఉందోనని అడిగి తెలుసుకోవాల్సిన ఇబ్బందిని భరించాడు.

శాకాహారి అన్న మాటకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ మాట చెప్పినవారికి అనువైన అర్థం కన్నా, విన్నవారు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే ముఖ్యం.

ఇక ప్రాణం, నొప్పి సంగతి. చేపకు నొప్పి తెలియదని చాలామంది నమ్మకం. 2003లో స్కాట్లండ్ శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్ని, ఎసిటిక్ ఆమ్లాన్ని సూదితో ఎక్కించి గమనించారు. అవి అటూ ఇటూ ఊగాయి. ఆమ్లం ఎక్కించినవి తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు పెదవులను రుద్దుకున్నాయి. మేత ముట్టడానికి మామూలు కన్నా చాలా ఎక్కువ సమయం తీసుకున్నాయి. చేప మెదడులో మనకున్నటువంటి నియోకార్టెక్స్ అనే పై పొర లేదు కనుక ఇది మనమనుకునే నొప్పి కాదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. గులకరాళ్లకు పెదవి రుద్దుకునే ప్రాణిని కూరగాయల సరసన చేర్చడానికి మాత్రం నాకు మనసొప్పదు.

అహింస కోసం మాంసం వదిలి చేపకు మళ్లేవారు ఒక లెక్క కూడా చూసుకోవాలి. ఒక మేకను కోస్తే పది కిలోలకు పైగా మాంసం వస్తుంది. కిలో నెత్తళ్లంటే కొన్ని వందల ప్రాణాలు. ప్రపంచవ్యాప్తంగా ఏటా నీళ్లలోంచి పట్టే చేపల సంఖ్య లక్ష కోట్ల నుంచి రెండు లక్షల కోట్ల దాకా ఉంటుందని అంచనా. చిన్న ప్రాణులకు మారే కొద్దీ చచ్చే ప్రాణుల సంఖ్య పెరుగుతుంది. ఆరోగ్యం కోసమంటే అది వేరే మాట, చేపలోని ఒమేగా-3 మేలు చేసేదే. శాకాహారంలోనే ఉండాలనుకునేవారికి నాచు నుంచి తీసిన నూనె దొరుకుతోంది. చేపలకు ఆ కొవ్వు వచ్చేది కూడా ప్రధానంగా నీటిలోని సూక్ష్మ నాచు నుంచే.

ఇంత తెలిసినా శాకాహారి అనే పేరును వదులుకోలేకపోవడానికి కారణం మన సమాజంలో ఉంది. ఆ పేరుకు మనం పవిత్రతను, కులాన్ని తగిలించాం. "శాకాహారులకు మాత్రమే అద్దెకు" అన్న బోర్డు మీద నిజంగా ఏం రాసి ఉందో ఇల్లు వెతుక్కునే దళితుడికీ ముస్లింకూ బాగా తెలుసు. మాంసం తినేవారిని తక్కువగా చూసినంత కాలం ఆ ముద్ర తప్పించుకోవాలని కొందరు చేపను శాకాహారంలోకి లాగుతూనే ఉంటారు. ఆ చిన్నచూపును నేను ఏమాత్రం ఒప్పుకోను. పులస పులుసు తినేవారు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, శాకాహారి అనే పేరు వెనక దాక్కోనక్కర్లేదు.

ఆ పేరు సాగిపోతే నష్టపోయేది నియమంగా ఉండేవారే. జపాన్‌లో ఉద్యోగానికి వెళ్లిన తెలుగు శాకాహారులకు ఇది మొదటి వారంలోనే ఎదురవుతుంది. గిన్నెలో టోఫూ, నాచు ముక్కలు తప్ప ఏమీ కనిపించని మీసో సూప్‌కు అడుగున ఉన్న రసం చాలాచోట్ల ఎండబెట్టి పొగపెట్టిన బొనీటో చేపతో చేసినది. చిత్రిక పట్టిన చెక్క పొరల్లా చెక్కి, మరిగే నీళ్లలో వేసి వడకట్టేస్తారు. వడ్డించేవారి దృష్టిలో అందులో చేప లేదు. మన దేశంలోనూ చిప్స్, నూడుల్స్ రుచి పెంచడానికి వాడే డైసోడియం ఇనోసినేట్‌ను మాంసం నుంచో చేప నుంచో తీసే వీలుంది. పొట్లం మీద కోడ్ సంఖ్య మాత్రమే వేస్తే కొనేవారికి తెలిసే దారి లేదని, ప్రతి పదార్థం మూలం మొక్కా, జంతువా, ప్రయోగశాలా అన్నది బయటపెట్టాలని 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. కొద్దిపాటి పరిమాణమైనా సరే చెప్పాల్సిందేనంది.

విందుకు పిలిచేవారూ, హోటలు నడిపేవారూ ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. "మీరు శాకాహారులా?" అని ఊరుకోకుండా చేప, గుడ్డు, పాలు విడివిడిగా అడగాలి. చేప తినేవారు అడిగేదాకా ఆగకుండా తామే చెప్పాలి, మత్స్యాహారులమని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు. ఏ రసంతో సూప్ చేశారో, ఏ నూనెలో వేయించారో జాబితాలో ఆ వంటకం పేరు పక్కనే తెలుగులో రాయాలి. ముందు చేప వేయించిన నూనెలోనే తర్వాత గోబీ వేయిస్తుంటే ఆ మాట కూడా అక్కడే రాసి ఉండాలి.