సూది ఆపాక పది నెలలు

కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలస పోయే కుటుంబాల మూటల్లో బియ్యం, గిన్నెలు, చంటిపిల్లల చొక్కాలు ఉంటాయి. కొందరు ఆడవాళ్ల మూటల్లో రవిక గుడ్డలో మడిచిపెట్టిన కార్డు ఒకటి ఉంటుంది. దాని మీద తేదీలు వేసి ఉంటాయి. అది మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ గర్భనిరోధక ఇంజెక్షన్ కార్డు. తర్వాతి సూది ఎప్పుడో అందులో తెలుస్తుంది. నాలుగు వారాలు ఆలస్యమైనా ఫరవాలేదు గనుక కోతలు ముగించుకుని వచ్చాకైనా వేయించుకోవచ్చు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకునే పని లేదు, ఇంట్లో ఎవరికీ కనిపించదు. పొలం గట్టున పట్టల గుడారంలో రెండు మూడు నెలలు బతికే మనిషికి ఇంతకంటే అనువైన పద్ధతి దొరకడం కష్టమే.

ఈ ఇంజెక్షన్‌ను 2017లో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఉచితంగా చేర్చారు. అది మంచి నిర్ణయమేనని ఈ పత్రిక అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. ఇద్దరు బిడ్డలు పుట్టగానే, చాలామందికి పాతికేళ్లు నిండకముందే, ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోతోంది. అలాంటి చోట తాత్కాలిక పద్ధతి ఒకటి ఊరి ఉప కేంద్రం దాకా రావడం చిన్న సంగతి కాదు. చిక్కు సూది వేసేటప్పుడు రాదు. ఆపినప్పుడు వస్తుంది.

మొదటి బిడ్డకు మూడేళ్లు నిండాయి, ఇక రెండో బిడ్డ కావాలనుకుని ఆమె సూది మానేస్తుంది. ఒక నెల, రెండు నెలలు, ఐదు నెలలు. ‘ఇంకా నీళ్లు పోసుకోలేదా?’ అని బోరింగు దగ్గర ఒకరు అడుగుతారు. ‘ఆ సూది వేయించుకుంటే గర్భసంచి ఎండిపోతుందట’ అని ఇంకొకరు తీర్పు చెబుతారు. అత్త మొదట పుట్టకు పాలు పోయిస్తుంది, రావిచెట్టు చుట్టూ తిప్పిస్తుంది, ఆ తర్వాత మాటలు మారతాయి. ఒక బిడ్డను కన్న తల్లిని కూడా గొడ్రాలితో పోల్చగల నాలుకలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. మొగుడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

వైద్యం చెప్పేది వేరు. కండలోకి ఎక్కించిన మందు సన్నని రేణువులుగా అక్కడే నిలిచి నెలల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. అది ఉన్నంతకాలం అండం విడుదల కాదు. కాపర్-టి అయితే తీసేయవచ్చు, మాత్రలైతే రేపటి నుంచే మానవచ్చు. ఒంట్లోకి వెళ్లిన ఈ మందును మాత్రం ఎవరూ వెనక్కి తీయలేరు. మూడు నెలల రక్షణ గడువు ముగిసినా దాని జాడ ఇంకా కొంతకాలం ఉంటుంది. అందుకే ఆఖరి సూది నుంచి లెక్కపెడితే గర్భం నిలవడానికి పట్టే కాలం సుమారు పది నెలలు. దీపావళికి ఆఖరి సూది వేయించుకున్నవారిని తీసుకుందాం. గర్భం దాల్చేవారిలో సగం మందికి వినాయక చవితి నాటికి నిలుస్తుంది. మరుసటి దీపావళికి ఆ లెక్క 68 శాతానికి, ఆ పై ఎండాకాలానికి, అంటే పద్దెనిమిది నెలలకు, 93 శాతానికి చేరుతుంది. నాలుగో నెలలోనే నిలిచినవారూ ఉన్నారు. రెండు సూదులు వేయించుకున్నా, ఎనిమిది వేయించుకున్నా ఈ ఆలస్యంలో పెద్ద తేడా ఉండదు. గర్భసంచి ఎండిపోవడమన్నది ఒట్టి మాట.

మన భాష కూడా ఇక్కడ ఒక మెలిక పెట్టింది. తెలుగులో ‘నెల తప్పింది’ అంటే కడుపు పండిందని అర్థం. ఈ సూది వేయించుకున్నవారిలో చాలామందికి ఏడాది తిరిగేసరికి నెలసరి ఆగిపోతుంది. నెల తప్పుతుంది, కడుపు మాత్రం ఉండదు. ‘చెడు రక్తం లోపలే గడ్డకడుతోంది’ అన్న భయం ఇక్కడే పుడుతుంది. లోపల గడ్డకట్టేదేమీ లేదు. గర్భసంచి లోపలి పొర పలచబడి ఉండటం వల్ల బయటికి రావలసింది తయారు కావడం లేదు, అంతే. సూది ఆపాక నెలసరి తిరిగి రావడానికీ నెలలు పడుతుంది. అయితే అండం నెలసరి కంటే ముందే విడుదలవుతుంది కాబట్టి, నెలసరి కనిపించకుండానే గర్భం నిలిచే వీలుంది. బిడ్డ వద్దు, సూది మాత్రం మానాలనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకుని, గడువు దాటకముందే మరో పద్ధతి మొదలుపెట్టాలి.

ఈ ఎదురుచూపును వ్యాపారంగా మార్చేవారూ లేకపోలేదు. పల్లె నుంచి కర్నూలు బస్సెక్కి వచ్చిన దంపతులను ఆఖరి సూది తేదీ ఏమిటని అడగకుండానే పరీక్షల చీటీ చేతిలో పెడితే, మిరప కోతల కూలి డబ్బు రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. సూది ఆపి ఆరు నెలలైన ముప్పై ఏళ్లలోపు స్త్రీకి సాధారణంగా కావలసింది స్కానింగుల వరుస కాదు. రక్తహీనత ఉందేమో చూడాలి, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇవ్వాలి, ఇంకా ఎన్నాళ్లు ఆగాలో చెప్పాలి. ఆ తర్వాతా పరీక్షలు అవసరమైతే మొదట చేయించవలసినవాటిలో భర్త వీర్య పరీక్ష ఒకటి. ఖర్చు తక్కువ, నొప్పి లేదు. అయినా మన ఇళ్లలో అది చివరికి గాని గుర్తుకు రాదు.

ఓపిక పట్టమనడం అందరికీ ఒకేలా వర్తించదు. ముప్పై ఐదేళ్లు దాటినవారు పద్దెనిమిది నెలలు చేతులు కట్టుకుని కూర్చోకూడదు, ముందే డాక్టరును కలవాలి. సూది మొదలుపెట్టకముందే నెలసరి క్రమం తప్పి ఉన్నవారు, కటి భాగంలో క్షయ లేదా ఇన్ఫెక్షన్ సోకినవారు కూడా అంతే. పాత సమస్య సూది చాటున దాగి ఉండవచ్చు, నింద మాత్రం సూది మీద పడుతుంది. ఆఖరి సూది తర్వాత ఏడాది గడిచినా నెలసరి జాడ లేకపోతే, వయసుతో నిమిత్తం లేకుండా చూపించుకోవలసిందే.

చెప్పకుండా సూది వేయడం తెలుగు నేలకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో మరో రకం గర్భనిరోధక ఇంజెక్షన్‌కు పరీక్షలు జరుపుతున్నప్పుడు, అది ప్రయోగమన్న సంగతి అక్కడికి తెచ్చిన పేద స్త్రీలకు తెలియదు. ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేటి ‘అంతర’ సూది ప్రయోగం కాదు, నిలదొక్కుకున్న మందు. కానీ ఆనాటి మహిళలు అడిగిన ప్రశ్న మారలేదు: నా ఒంట్లోకి వెళ్లేది ఏమిటి, ఎన్నాళ్లు ఉంటుంది?

ఎక్కువమంది పిల్లల్ని కనమని ఇప్పుడు పాలకులే కోరుతున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి అడ్డుగా ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో రాష్ట్రం ఎత్తివేసింది. బిడ్డ కావాలని తనంతట తాను సూది మానేసిన స్త్రీకి ఎవరు ఏం చెబుతున్నారో కూడా ఆ పాలకులు కాస్త కనుక్కుంటే బాగుంటుంది. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవారికి ఈ పద్ధతి నప్పదని మొదటి సూదికి ముందే చెప్పాలి. అత్తగారు పక్కన కూర్చుని ఉంటే ఆమె చెవిన కూడా పడేలా చెప్పాలి. మానేసినవారి పేరును ఆశా కార్యకర్త రిజిస్టరులో కొట్టివేయడంతో పని అయిపోకూడదు. పక్కన ఇంకో గడి గీసి, మూడు నెలలకోసారి పలకరించాలి.

ఇందుకు కొత్త పథకం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ఉగాదికి మిరప కోతల నుంచి కోసిగి వైపు జనం తిరిగివస్తారు. ‘ఇక సూది వద్దమ్మా, బిడ్డ కావాలి’ అని ఉప కేంద్రం గుమ్మంలో నిలబడిన స్త్రీ దగ్గర కార్డు తీసుకుని, ఆఖరి తేదీ కింద పది నెలల తర్వాతి తేదీని ఏఎన్‌ఎం తన పెన్నుతో రాసివ్వాలి.