రెండు హిట్లు తేడా వచ్చాయి

మొన్న అమెరికాలో మా అబ్బాయి వాళ్లింట్లో ఉండగా, టీవీలో ఎవరో బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. "వీడు గట్టివాడు నాన్నా, త్రీ హండ్రెడ్ కొడతాడు" అన్నాడు మావాడు. మూడొందలా! బ్రాడ్‌మన్ సగటే 99.94 కదా, వీడెవడో ఆయనకు మూడింతలున్నాడే అని సోఫాలో నిటారుగా లేచి కూర్చున్నాను. తీరా విచారిస్తే అది క్రికెట్ కాదు, బేస్‌బాల్. మూడొందలూ కాదు, పాయింటు మూడొందలు. పదిసార్లు బ్యాటింగుకు దిగితే మూడుసార్లు హిట్టు కొడతాడట, అంటే బంతిని కొట్టి, ఔటవకుండా బేస్ అనే మజిలీకి చేరతాడట. మిగతా ఏడుసార్లు తల దించుకుని బెంచీ దగ్గరికి నడవడమే. పదికి మూడు మార్కులు తెచ్చుకున్నవాణ్ణి మా ఇళ్లలో ఏం చేసేవాళ్లో నా వయసువాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ వాడికి కోట్ల డాలర్ల కాంట్రాక్టు రాసిస్తారు.

నేను ముప్పయ్యేళ్లు ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. పదికి మూడును మూడు దశాంశ స్థానాల దాకా లాగి, ఆ తర్వాత దశాంశ బిందువును పలకడం కూడా మానేసి, మూడును మూడొందలుగా చూపించే జాతి మీద నాకు అక్కడికక్కడే గౌరవం పుట్టుకొచ్చింది. మిగిలిన సెలవులన్నీ ఈ ఆట పద్దులు తనిఖీ చేయడానికే వాడుకున్నాను. నాకు తేలిందేమిటంటే, బేస్‌బాల్ ఆట కాదు, అకౌంట్స్ డిపార్టుమెంటు. పుస్తకాల్లో రాసుకోవడానికి ఏదో ఒకటి జరగాలి కాబట్టి మధ్యమధ్య బంతి వేస్తుంటారు.

ఈ అలవాటు ఎక్కడిదా అని తీగ లాగితే డొంక క్రికెట్ దగ్గర కదిలింది. హెన్రీ చాడ్విక్ అనే ఆయన 1824లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, అక్కడి పత్రికలకు క్రికెట్ వార్తలు రాసేవాడు. ఆ కంటితోనే బేస్‌బాల్ చూశాడు. ఆటంతా ఒక చిన్న పట్టికలో ఇమిడేలా బాక్స్ స్కోరు తయారుచేశాడు. బ్యాటర్ బంతి తగలక స్ట్రైకౌట్ అయితే 'కె' అని రాయాలన్నాడు. 'కె' ఎందుకంటే, 'స్ట్రక్' అన్న మాటలో చివరి అక్షరం అదే. బ్యాటు ఊపకుండా ఊరికే నిలబడి ఔటైతే, అదే 'కె'ను తిరగేసి రాసే ఆచారం కూడా తర్వాత వచ్చింది. ప్రయత్నించి చెడినవాడికీ ప్రయత్నించకుండా చెడినవాడికీ వేరువేరు గుర్తులున్న లెడ్జరు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఉండి ఉంటే మా ఆఫీసులో తిరగేసిన 'కె'లకు సిరా చాలేది కాదు.

ఇంకో గొప్పతనం, జమతోపాటు ఖర్చు కూడా దాచరు. సై యంగ్ అనే పిచర్, అంటే బంతి వేసేవాడు, 511 మ్యాచ్‌లు గెలిచాడు, అది రికార్డు. మూడొందల పైచిలుకు ఓడాడు, అదీ రికార్డే. నోలన్ రయన్ 5,714 మందిని స్ట్రైకౌట్ చేశాడు. బంతి అదుపు తప్పి 2,795 మందికి వాక్‌లు, అంటే కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచే అవకాశాలు, సమర్పించుకున్నాడు. రెంటిలోనూ ప్రథమ స్థానం ఆయనదే. ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడాన్ని ఇక్కడ దొంగతనం అంటారు. రికీ హెండర్సన్ 1,406 బేస్‌లు దొంగిలించాడు, 335 సార్లు దొంగతనం చేస్తూ పట్టుబడ్డాడు. రెండూ రికార్డులే. మన దగ్గర సన్మానపత్రంలో మొదటి అంకె చదివి శాలువా కప్పుతారు, రెండోది ఏసీబీ వాళ్లు చదువుతారు. ఇక్కడ రెండూ ఒకే పేజీలో ఉంటాయి.

మస్టర్ రోలు సంగతి చూద్దాం. లూ గెరిగ్ 1925 నుంచి 1939 దాకా వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడాడు. ఉక్కు గుర్రమని పేరు. అయితే 1934 జులై 14 నాటికి ఆయనకు నడుం పట్టేసింది. నిలబడటమే కష్టం. ఏం చేశారంటే, ఎన్నడూ ఆడని షార్ట్‌స్టాప్ అనే ఫీల్డింగ్ స్థానంలో ఆయన పేరు రాసి, మొట్టమొదటి బ్యాటర్‌గా పంపారు. ఒక హిట్టు కొట్టాడు, వేరేవాణ్ణి పరుగెత్తడానికి పెట్టి వెళ్లిపోయాడు. పొద్దున్నే సంతకం పెట్టి, కుర్చీకి కోటు తగిలించి, ఇంటికెళ్లే పద్ధతి మనవాళ్లే కనిపెట్టారనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఒక్క తేడా ఉంది. ఆయన వెళ్లేముందు పని చేసి వెళ్లాడు.

ఆ లెక్కను బాల్టిమోర్ ఆటగాడు కాల్ రిప్కెన్ 1995లో దాటాడు. 1982లో మొదలుపెట్టి 1998 దాకా 2,632 మ్యాచ్‌లు, ఒక్క సీఎల్ లేకుండా! చివరికి ఎవరూ అడగకుండానే ఒకరోజు మేనేజరు దగ్గరికెళ్లి ఇవాళ నేను ఆడనన్నాడు. ఎన్‌క్యాష్‌మెంటుకు దరఖాస్తు పెట్టినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

ఇక 2024లో బోస్టన్‌లో జరిగింది వింటే ఏ పే అండ్ అకౌంట్స్ ఆఫీసరుకైనా గుండె ఆగుతుంది. జూన్ 26న వాన పడి ఒక మ్యాచ్ ఆగిపోయింది. ఆగేసరికి టొరంటో తరఫున బ్యాటింగ్ చేస్తున్నవాడు డానీ జాన్సెన్. మిగతా ఆట ఆగస్టు 26కి వాయిదా పడింది. ఈలోగా అతణ్ణి బోస్టన్ కొనుక్కుంది. ఆగస్టులో ఆట మళ్లీ మొదలయ్యేసరికి, తను సగంలో వదిలిన బ్యాటింగ్ వంతుకే తను ఎదుటి జట్టు క్యాచర్‌గా వెనక కూర్చున్నాడు. ఒకే మ్యాచ్‌లో రెండు జట్లకూ ఆడిన మొదటివాడు. మన రాజకీయాల్లో ఇది వార్త కాదు గానీ, ఈ పెద్ద లీగు ఆటలో ఇదే మొదలట.

ఇదంతా చూసి ముచ్చటపడి, ఇక అభ్యంతరాల్లేవని సర్టిఫికెట్ రాసిద్దామనుకుంటుండగా 1910 ఫైలు నా చేతికి దొరికింది.

ఆ ఏడాది చాల్మర్స్ అనే కార్ల కంపెనీ, సగటులో మొదట నిలిచిన బ్యాటర్‌కు కారు బహుమతిగా ప్రకటించింది. పోటీ ఇద్దరి మధ్య మిగిలింది. డెట్రాయిట్ జట్టులో టై కాబ్, క్లీవ్‌లాండ్ జట్టులో నాప్ లాజ్వే. కాబ్ మహా ఆటగాడు, ఎవరితోనూ పడనివాడు. లాజ్వే అందరివాడు, సొంత జట్టుకే ఆయన పేరు పెట్టుకున్నారు. సగటు చాలనుకుని కాబ్ చివరి రెండు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చున్నాడు. అక్టోబర్ 9న లాజ్వేకి సెయింట్ లూయిస్‌లో ఒకేరోజు రెండు మ్యాచ్‌లు. సెయింట్ లూయిస్ మేనేజరు జాక్ ఓకానర్‌కు కాబ్ అంటే గిట్టదు. రెడ్ కారిడెన్ అనే కొత్త కుర్రాణ్ణి పిలిచి, మూడో బేస్ దగ్గర బాగా వెనక్కి జరిగి నిలబడమన్నాడు. ఎంత వెనక్కంటే, బంతి చచ్చి పడుకున్నాక దాని దగ్గరికి చేరేంత. లాజ్వే ఒకసారి గట్టిగా కొట్టాడు. ఆ తర్వాత ఖాళీగా ఉన్న అటువైపే బంతిని మెల్లగా తట్టి, తీరిగ్గా మొదటి బేస్‌కు చేరడం మొదలుపెట్టాడు. అలా ఆరోజు మొత్తం 8 హిట్లు. మధ్యలో ఒకదాన్ని స్కోరరు హిట్టుగా రాయకపోతే, దాన్ని మారిస్తే కొత్త సూటు ఇప్పిస్తామని చీటీ కూడా వెళ్లింది. స్కోరరు లొంగలేదు. ఆయన పేరున ఎక్కడో ఒక విగ్రహం ఉండాలి.

గొడవైంది. లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ విచారణ జరిపించి, కాబ్ .385, లాజ్వే .384, గెలుపు కాబ్‌దే అని తేల్చాడు. మేనేజరు ఉద్యోగం ఊడింది. కార్ల కంపెనీవాళ్లు బతకనేర్చినవాళ్లు, ఇద్దరికీ చెరో కారు ఇచ్చేశారు. ఫైలు మూసేశారు.

డెబ్బయ్యేళ్ల తర్వాత పాత లెడ్జర్లు తిరగేస్తున్న పరిశోధకులకు ఒక వింత కనపడింది. ఆ ఏడాది కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను పుస్తకంలో రెండుసార్లు ఎక్కించారు. మూడు ప్రయత్నాల్లో రెండు హిట్లు. అది ఒకసారి, మళ్లీ అదే ఇంకోసారి. ఒకే వోచరుకు రెండు చెల్లింపులు! ఆ రెండోది తీసేస్తే 1910లో గెలిచింది లాజ్వే. కాబ్ జీవితకాలపు హిట్లు 4,191 కావు, 4,189. 1981లో ఈ సంగతి పత్రికకెక్కింది. బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్ దగ్గరికి వెళ్లింది. ఆయన చెప్పింది క్లుప్తంగా ఏమిటంటే, డెబ్బయ్యేళ్లు గడిచాయి, కాలదోషం పట్టింది, ముట్టుకోం.

నేను ఈ జవాబు చదివి కాసేపు కదలకుండా కూర్చున్నాను. ఎన్ని జిల్లాల్లో ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది నోట విన్నాను ఈ మాట! సముద్రాలు దాటి వచ్చినా మనవాళ్లే ఎదురైనట్టుంది.

అసలు కామెడీ ఆ తర్వాత. 1985లో సిన్సినాటి ఆటగాడు పీట్ రోజ్ కాబ్ హిట్ల రికార్డు వైపు వస్తున్నాడు. అధికారిక లెక్కలో దాటాల్సింది 4,191. సెప్టెంబర్ 8న చికాగోలో మ్యాచ్. ఆరోజు ఎదుటి జట్టు ఎడంచేతి పిచర్ బంతులేస్తాడని రోజ్ ఆడే ఉద్దేశంలో లేడు. ఆ పిచరేమో సైకిల్ మీంచి పడ్డాడు. బదులుగా రెజీ ప్యాటర్సన్ అనే కుడిచేతివాడు దిగాడు. దాంతో రోజ్ కూడా దిగి రెండు హిట్లు కొట్టాడు. అధికారికంగా కాబ్‌తో సమానం. మూడు రోజులాగి, సెప్టెంబర్ 11న సొంత ఊరు సిన్సినాటిలో ఎరిక్ షో బంతికి 4,192వ హిట్టు కొట్టాడు. బాణసంచా కాల్చారు, జనం ఏడు నిమిషాలు ఆపకుండా చప్పట్లు కొట్టారు. రోజ్ మొదటి బేస్ మీద నిలబడి ఏడ్చాడు. పాపం షో, ఈ హడావిడి ఎప్పటికి తగ్గుతుందోనని బంతి వేసే మట్టిదిబ్బ మీదే కూలబడ్డాడు. జట్టు యజమాని ఎర్ర కార్వెట్ కారు బహుమతిగా ఇచ్చింది. నంబర్ ప్లేటు మీద 4192.

కాబ్ హిట్లు 4,189 అయితే, రికార్డు మూడు రోజుల ముందే చికాగోలో బద్దలైపోయింది, ప్యాటర్సన్ బంతికి. పేలాల్సిన బాణసంచా గోదాంలో ఉంది, ఏడవాల్సిన మనిషి ఏడవకుండా తర్వాతి ఇన్నింగ్స్ ఆడాడు, చికాగో జనం వేరుశనగలు తిని ఇంటికెళ్లారు. పెళ్లి మూడు రోజుల కిందటే అయిపోతే, ఇవాళ మేళం పెట్టి భోజనాలు వడ్డించినట్టు. ఇంత జరిగాక ఇక లెక్క సరిచేయమంటే ఎవడు చేస్తాడు? కారు నంబర్ ప్లేటు కూడా మార్చాలి కదా. 1910లోనూ కారే, 1985లోనూ కారే. ఈ కేసులో మొదటినుంచీ కార్లే లాభపడ్డాయి.

నేటికీ లీగు పుస్తకంలో కాబ్‌కు 4,191, స్వతంత్ర గణాంకాల పట్టికల్లో 4,189. రెండు హిట్లు తేడా. నా భాషలో ఇది పరిష్కారం కాని పారా.

కాబ్ సగటు కాపాడుకోవడానికి కూర్చుంటే, 1941లో టెడ్ విలియమ్స్‌కు అలాగే కూర్చోమని సలహా వచ్చింది. సీజన్ చివరి రోజుకి ఆయన సగటు .39955. మూడు దశాంశ స్థానాలకు సరిచేస్తే .400 అయిపోతుంది. రౌండింగ్ నియమం ప్రకారం పూర్తిగా చట్టబద్ధం, నేనైతే కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాణ్ణి. ఆయన ఒప్పుకోలేదు. ఫిలడెల్ఫియాలో రెండు మ్యాచ్‌లూ ఆడి, ఎనిమిదిలో ఆరు కొట్టి .406కు చేరాడు. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ అనే రెండు పెద్ద లీగుల్లో ఎవరూ .400 అందుకోలేదు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు మాత్రం వరసగా 56 మ్యాచ్‌ల్లో హిట్టు కొట్టిన జో డిమాజియోకి వెళ్లింది. రౌండింగ్‌ను కాదన్నవాడికి అంతకంటే ఏం దక్కుతుంది.

పాతవాటిని ముట్టుకోం అన్న మాటకూ ఒక రోజు వచ్చింది. నల్లవాళ్లను ఈ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు నీగ్రో లీగుల్లో ఆడారు. వాళ్ల హిట్లు పెద్ద పుస్తకంలోకి ఎక్కలేదు. 2024 మేలో వాటిని ఎక్కించారు. దాంతో జీవితకాలపు సగటులో మొదటి పేరు కాబ్‌ది కాకుండా పోయింది. నీగ్రో లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్ .372, కాబ్ .367. గిబ్సన్ 1947 జనవరిలో పోయాడు. ఆ నిషేధాన్ని దాటిన నల్ల ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగు పెట్టింది అదే ఏడాది ఏప్రిల్‌లో. రెండు హిట్లకు కాలదోషం పట్టిందన్న డిపార్టుమెంటుకు, ఒక మనిషి మొత్తం కెరీరు కనపడటానికి డెబ్బయ్యేడేళ్లు పట్టింది. ఇక్కడ నాకు ఎర్రసిరా పెన్ను తీయబుద్ధి కాలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు మావాడు నన్ను బాల్టిమోర్ స్టేడియానికి తీసుకెళ్లాడు. కుడివైపు పాత ఇటుకల గోదాం ఉంది. రిప్కెన్ రికార్డు దాటిన రాత్రి దాని గోడ మీదే 2131 అని మనిషికంటే పెద్ద అంకెలు వేలాడదీశారట. నా పక్క సీటులో ఎనభై ఏళ్ల పెద్దాయన. ఒడిలో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు, రెండో పెన్సిలు జేబులో. బంతిబంతికీ చిన్న గడిలో గీస్తున్నాడు. మా క్యాష్‌బుక్ రాసే హెడ్ క్లర్కుల వేళ్లు అలాగే ఉండేవి. ఐదో ఇన్నింగ్స్‌లో లేచి, కాసేపు చూస్తుండమని నాకు సైగ చేసి, బాత్రూముకు వెళ్లాడు.

తిరిగొచ్చి, ఏమైందని అడిగాడు. మావాడు ఫోన్లో ఉన్నాడు. నేను ఆ గోదాం గోడకు ఎన్ని కిటికీలున్నాయో లెక్కపెడుతున్నాను. ఇద్దరం తెల్లమొహం వేశాం. పెద్దాయన నవ్వి ఆ గడిలో 'డబ్ల్యూ డబ్ల్యూ' అని రాశాడు. అదేమిటని మావాడు అడిగితే చెప్పాడు. ఫిల్ రిజూటో అని పాత యాంకీస్ ఆటగాడు, తర్వాత కామెంటేటర్ అయ్యాడు, ఆయన పెట్టిన గుర్తట. దానర్థం, చూడలేదు.

నేను ఆయన్ను పెన్సిలు అడిగి తీసుకుని, జేబులోని బోర్డింగ్ పాస్ వెనకాల ఆ రెండక్షరాలు రాసుకున్నాను. ముప్పయ్యేళ్లలో నేను సంతకం పెట్టిన తనిఖీ రిపోర్టులు ఇంకా ఆఫీసులో ఎక్కడో ఉండే ఉంటాయి.