సవరణ: ఆగమన కాలంలో ఉపవాసం, అల్లెలూయ

క్రిస్మస్‌కు ముందు వచ్చే సుమారు నాలుగు వారాల ఆగమన కాలానికి ఆత్మీయంగా ఎలా సిద్ధపడాలో చెబుతూ మొన్న పెట్టిన పోస్టులో, ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్కాలంలోలాగే ఇప్పుడూ ఉపవాసం తప్పనిసరి అనీ, పూజలో (మాస్‌లో) గ్లోరియా అనే మహిమ గీతం, అల్లెలూయ అనే స్తుతి నినాదం రెండూ పాడకూడదనీ రాశాను. అది తప్పు.

శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం ప్రకారం అందరికీ వర్తించే ఉపవాస దినాలు తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే మాత్రమే. ఏడాదిలోని శుక్రవారాలు, తపస్కాలం ప్రాయశ్చిత్త దినాలు. ఆ వరుసలో ఆగమన కాలం లేదు. ఇష్టపడి ఉపవాసం ఉంటే చాలా మంచిది, కానీ ఉండలేకపోయామే అని టెన్షన్ పడక్కర్లేదు. ముఖ్యంగా మందులు వాడే పెద్దవాళ్లు.

పూజ విషయానికొస్తే, ఈ కాలపు ఆదివారాల్లో గ్లోరియా ఉండదు. డిసెంబరు 8న అమలోద్భవి మాత (జన్మపాపం లేకుండా ఉద్భవించిన మరియమాత) మహోత్సవానికి మాత్రం పాడతారు. అల్లెలూయ ఆగదు, సువార్తకు ముందు ఎప్పటిలాగే పాడాలి. గాయక బృందాలు దయచేసి గమనించండి. పూజా నియమాలు దీన్ని భక్తితో, ఆనందంతో ఎదురుచూసే కాలం అంటాయి. క్రీస్తు జనన పండుగకు, ఆయన రెండో రాకకు మనసులను సిద్ధం చేసే కాలం ఇది. అందుకే బలిపీఠం దగ్గర పూలు పెట్టవచ్చు, వాద్యాలు వాయించవచ్చు, అయితే మితంగా. క్రిస్మస్ నాటి నిండు సంబరం ముందే వచ్చేయకూడదు కదా!

పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) గురించి ఆ పోస్టులో రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను. చివరి రోజుల రద్దీ దాకా ఆగకుండా ముందే చేసుకోండి.